గోడ మీద దేవుడి ఆజ్ఞ

మన ఛానల్లో మామూలుగా గీత గురించో, క్షేత్రాల గురించో మాట్లాడుకుంటాం. ఈసారి కొంచెం దూరం వెళ్తున్నాను. బైబిల్లోని పది ఆజ్ఞల్ని కోర్టుల్లో, ప్రభుత్వ భవనాల్లో, సర్కారు బడుల్లో పెట్టాలా వద్దా అని అమెరికాలో చాలా ఏళ్ళుగా వాదన నడుస్తోంది. ఇది దేవుణ్ణి నమ్మేవాళ్ళకీ నమ్మనివాళ్ళకీ మధ్య గొడవ అని బయటినుంచి చూస్తే అనిపిస్తుంది. కానీ అసలైన వాదన క్రైస్తవుల మధ్యే జరుగుతోంది. నాకు ఆసక్తి కలిగింది కూడా అక్కడే.

ముందు ఒక రాయి సంగతి చెప్తా. అలబామా రాష్ట్ర సుప్రీంకోర్టు చీఫ్ జస్టిస్ రాయ్ మూర్ 2001 జులై 31 రాత్రి, మాంట్‌గోమరీలోని కోర్టు భవనం హాల్లో ఒక పెద్ద గ్రానైట్ రాయి పెట్టించారు. బరువు 5,280 పౌండ్లు, అంటే దాదాపు 2,400 కిలోలు. దాని మీద పది ఆజ్ఞలు చెక్కి ఉన్నాయి. తోటి జడ్జీలకు కూడా ముందుగా చెప్పలేదు. కేసు పడింది. ఎందుకు పెట్టారని అడిగితే ఆయన తడుముకోలేదు. దేవుడే అన్నిటికన్నా పైన ఉన్నాడని ఒప్పుకోవడానికే పెట్టానన్నారు. 2002లో ఫెడరల్ జడ్జి తీసేయమన్నారు. ఈయన తీయనన్నారు. 2003 ఆగస్టులో రాయిని అక్కణ్ణుంచి జరిపారు, నవంబర్లో ఆయన పదవే పోయింది.

ఇప్పుడు రెండో రాయి. టెక్సస్ రాజధాని ఆస్టిన్‌లో, శాసనసభ ఆవరణలో ఆరడుగుల పది ఆజ్ఞల శిల ఉంది. 1961లో పెట్టారు. దాని మీదా కేసు పడింది. 2005లో అమెరికా సుప్రీంకోర్టు 5-4 తేడాతో ఉండనిచ్చింది. తీర్పు అటో ఇటో తేల్చిన జడ్జి బ్రెయర్ చెప్పిన కారణం స్థూలంగా ఇది: ఆ 22 ఎకరాల ఆవరణలో ఇంకా చాలా స్మారకాలున్నాయి, 40 ఏళ్ళుగా ఎవరికీ ఇబ్బంది రాలేదు, అక్కడ అది మత ప్రబోధం కన్నా చరిత్రకి, నైతిక వారసత్వానికి గుర్తుగా కనిపిస్తోంది. అదే రోజు, అదే కోర్టు, కెంటకీలో రెండు కౌంటీ కోర్టు భవనాల్లో గోడలకి పెట్టిన ఆజ్ఞల్ని మాత్రం ఒప్పుకోలేదు. వాటి వెనక ఉద్దేశం మతమేనని తేల్చింది.

ఈ రెండు రాళ్ళనీ పక్కపక్కన పెట్టి చూడండి. "ఇది దేవుడి మాట, అందుకే పెట్టాను" అని నిజం చెప్పిన మనిషి ఓడిపోయాడు. "ఇది ఎక్కువగా చరిత్రేలెండి" అన్నచోట రాయి నిలబడింది. అంటే ప్రభుత్వ స్థలంలో దేవుడి ఆజ్ఞ ఉండాలంటే, అది ఆజ్ఞ కాదు, పాతకాలపు గుర్తు అని భక్తుడే కోర్టులో వాదించాలి. గెలవాలంటే తను నమ్మేదాన్ని తనే తగ్గించుకోవాలి. ఒక భక్తుడికి ఇంతకన్నా ఇబ్బందికరమైన గెలుపు ఉంటుందా?

టెక్సస్ రాయి లాంటివి దేశమంతా ఎలా వచ్చాయో చూస్తే ఇంకా తమాషాగా ఉంటుంది. మిన్నెసోటాలో ఒక జడ్జి, పిల్లలు చెడు దారి పడుతున్నారనే బెంగతో, ఈగల్స్ అనే సేవాసంఘం ద్వారా పది ఆజ్ఞల ప్రతులు పంచడం మొదలుపెట్టారు. 1950ల్లో సెసిల్ బి. డెమిల్ ఇదే పేరుతో సినిమా తీస్తూ ఆ పనికి చేయి కలిపారు. రాతి శిలలు లేచాయి, కొన్ని ఆవిష్కరణలకి సినిమా నటులే వచ్చారు. సగం సద్బుద్ధి, సగం సినిమా ప్రమోషన్ అన్నమాట.

ఇంకో చిక్కుంది. పది ఆజ్ఞలు అంటాం కానీ, ఏ పది? యూదుల లెక్క వేరు, కాథలిక్కులది వేరు, చాలామంది ప్రొటెస్టెంట్లది వేరు. విగ్రహాలు చేయవద్దన్న మాటని కొందరు విడిగా రెండో ఆజ్ఞగా లెక్కపెడతారు. కాథలిక్కులు దాన్ని మొదటిదాంట్లోనే కలిపి, చివర్లో పరుల సొత్తు ఆశించవద్దన్నదాన్ని రెండుగా విడదీస్తారు. గోడ మీద ఒక పాఠం పెట్టగానే ప్రభుత్వం ఈ లెక్కల్లో ఏదో ఒకటి ఎంచుకున్నట్టే. ఇది ఊరికే పండితుల పేచీ కాదు. 1859లో బోస్టన్‌లో థామస్ వాల్ అనే కాథలిక్ పిల్లవాడు, సర్కారు బడిలో ప్రొటెస్టెంట్ల పాఠం ప్రకారం పది ఆజ్ఞలు చెప్పనన్నాడు. పదేళ్ళ వయసు. బెత్తంతో అరగంట సేపు చేతుల మీద కొట్టారు. టీచర్ మీద కేసు వేస్తే కొట్టేశారు. కాథలిక్కులు తమ పిల్లలకి సొంత బడులు కట్టుకోవడానికి ఇలాంటివే కారణాలు. హింసించవద్దని నేర్పే మతంలో, పసివాణ్ణి చావబాది మరీ ధర్మసూత్రాలు చెప్పించడం! అధికారం చేతికి వస్తే ఎవరి మతమైనా ఇక్కడిదాకా వస్తుందేమో అని నా అనుమానం.

అందుకే అక్కడ వద్దనేవాళ్ళలో గట్టి గొంతు భక్తులదే. అందులోనూ బాప్టిస్టులది. మన నెల్లూరు, ఒంగోలు వైపు బాప్టిస్టు చర్చిలు చూసుంటారు కదా, ఆ సంప్రదాయమే. 1630ల్లో మసాచుసెట్స్‌లో రోజర్ విలియమ్స్ అనే పాస్టర్ ఒక మాట అన్నాడు: పది ఆజ్ఞల్లో మొదటి నాలుగూ మనిషికీ దేవుడికీ మధ్యవి, వాటి జోలికి ప్రభుత్వం రాకూడదు, మనిషికీ మనిషికీ మధ్యవైన మిగతావే దాని పని. ఇలాంటి మాటలకే ఆయన్ని వెళ్ళగొట్టారు. వెళ్ళి రోడ్ ఐలాండ్‌లో ప్రావిడెన్స్ అనే ఊరు కట్టాడు, అమెరికాలో మొదటి బాప్టిస్టు చర్చి అక్కడే 1638లో మొదలైంది. ఆయన భయం రాజ్యం గురించి కాదు, చర్చి గురించి. చర్చి ఒక తోటైతే, బయటి అడవికీ దానికీ మధ్య గోడ కూలితే కలుపు తోటలోకే వస్తుంది అన్నాడు. తర్వాత వర్జీనియాలో లైసెన్సు లేకుండా ప్రవచనం చెప్పారని బాప్టిస్టు బోధకుల్ని జైల్లో పెట్టారు. ఆ జ్ఞాపకం ఉన్నవాళ్ళు ఈరోజుకీ, ధర్మం గుండెల మీద రాయాల్సింది, కోర్టు గోడ మీద కాదు అంటారు. లూసియానా 2024లో ప్రతి సర్కారు క్లాస్‌రూమ్‌లోనూ పది ఆజ్ఞలు పెట్టాలని చట్టం చేస్తే, దాని మీద కోర్టుకెళ్ళినవాళ్ళలో ఒక ప్రెస్బిటేరియన్ పాస్టర్ కూడా ఉన్నారు.

మా ఆఫీసులో పాంట్రీ గోడ మీద "నిజాయితీ, గౌరవం" అని పెద్ద పోస్టర్ ఉంటుంది. నాలుగేళ్ళుగా దాని కింద కాఫీ తాగుతున్నాం. మూడోది ఏంటని అడిగితే టీమ్‌లో ఒక్కరూ చెప్పలేరు.

సరే, అవతలి పక్షం మాటా వినాలి. పెట్టాలనే క్రైస్తవులందరూ పెత్తనం కోసం అంటున్నారంటే అన్యాయం. వాళ్ళ వాదనలో నాకు నిజంగా బరువనిపించింది ఒకటుంది: జడ్జి పైన కూడా ఒక న్యాయం ఉందని జడ్జికి రోజూ కనిపించాలి. మనకిది కొత్త కాదు. రాజు కూడా ధర్మానికి లోబడే ఉండాలన్నది మన రాజధర్మం. కానీ జడ్జికి గుర్తు చేయడానికే అయితే రాయి ఆయన ఛాంబర్లో ఉండాలి. హాలు మధ్యలో పెడితే అది చూసేది ఎవరు? కోర్టుకి భయపడుతూ వచ్చిన మామూలు మనిషి. వేరే మతం వాడైతే, ఇక్కడ నాకు న్యాయం జరుగుతుందా అనే మొదటి సందేహం అక్కడే మొదలవుతుంది.

ఈ విషయం నాకు పుస్తకాల వల్ల కాదు, మా పెద్దమ్మ కూతురి ఫోన్ వల్ల బాగా తెలిసింది. అక్క వాళ్ళు డాలస్ పక్కన ఉంటారు. టెక్సస్ కూడా 2025లో లూసియానా లాంటి చట్టమే చేసింది. అక్కడ కోర్టుకెళ్ళిన కుటుంబాల్లో క్రైస్తవులు, యూదులతో పాటు హిందువులూ ఉన్నారు. ఆ ఆగస్టులో ఒక ఫెడరల్ జడ్జి కొన్ని స్కూల్ డిస్ట్రిక్టుల్లో ఆపమన్నారు కానీ, అక్క వాళ్ళ బడి వాటిలో లేదు.

"ఒరేయ్, వీడు ఇంటికొచ్చి ఏమడిగాడో తెలుసా? బొమ్మలు చేసి మొక్కకూడదని మా క్లాసులో రాసుంది, మరి మన వినాయకుడు తప్పా అని."

"నువ్వేం చెప్పావక్కా?"

"అది వాళ్ళ దేవుడు వాళ్ళకి చెప్పుకున్నదిరా అన్నాను. మరి నా క్లాసులో ఎందుకుంది అన్నాడు. ఇంకేం చెప్తాను."

వాడికి తొమ్మిదేళ్ళు. వాడి ప్రశ్నకి రోజర్ విలియమ్స్ ఎప్పుడో 390 ఏళ్ళ కింద సమాధానం చెప్పి, ఊరు వదిలి వెళ్ళాల్సి వచ్చింది.

ఇక్కడిదాకా మనందరం తల ఊపుతాం, ఎందుకంటే ఇబ్బంది పడింది మన పిల్లాడు. ఇప్పుడు జైపూర్ వెళ్దాం. రాజస్థాన్ హైకోర్టు ఆవరణలో 1989లో మనువు విగ్రహం పెట్టారు. దళిత సంఘాలు అభ్యంతరం చెప్పాయి. హైకోర్టు జడ్జీలందరూ కూర్చుని తీసేద్దామనుకున్నారు కూడా. దాని మీద పిటిషన్ పడి స్టే వచ్చింది. 2018లో ఇద్దరు మహిళలు ఎక్కి నల్లరంగు పూశారు. మన ధర్మశాస్త్రకర్త కాబట్టి ఉండాలి అనేవాళ్ళు అక్కడ వాడే మాటలు, అలబామాలో వాడిన మాటలు దాదాపు ఒకటే. మొదటి న్యాయదాత అనీ, వారసత్వం అనీ.

నాకైతే అది అక్కడ ఉండకూడదు. ఆ స్మృతిలో తమ తాతముత్తాతల్ని ఎక్కడ ఉంచారో తెలిసిన మనిషి, కేసు కట్ట పట్టుకుని ఆ విగ్రహం ముందునుంచి నడవాలి. మా అక్క కొడుకు ప్రశ్నే అతనిదీ. మీ గ్రంథం మీరు చదువుకోండి, నా కోర్టులో ఎందుకుంది? దీనికి "అది చరిత్రే కదా" అని జవాబిస్తే, మనం టెక్సస్ దారి పట్టినట్టే, మన శాస్త్రాన్ని మనమే తగ్గించుకుంటాం. "కాదు, అదే మా ధర్మం" అంటే అలబామా దారి.

తిరుక్కోష్టియూర్ గోపురం ఎక్కి రామానుజులవారు మంత్రాన్ని అందరికీ వినిపించారని చెప్తారు కదా. అదీ బహిరంగంగా చెప్పడమే. కానీ రాజు ఆజ్ఞతో చెప్పలేదు. గురువు మాట దాటితే నరకం వస్తుందని తెలిసీ, ఆ నరకం తనకొక్కడికే అనుకుని చెప్పారు. విన్నవాళ్ళెవరూ భయంతో వినలేదు, ఇష్టం లేనివాడు నడిచి వెళ్ళిపోవచ్చు. కోర్టు మెట్ల మీద నిలబడ్డవాడికి ఆ వీలు లేదు.

మీలో ఎవరైనా జైపూర్ వాళ్ళుంటే, ఆ ఆవరణలో తిరిగినవాళ్ళుంటే రాయండి, వినాలనుంది. వచ్చే శనివారం మళ్ళీ మన గీత మూడో అధ్యాయం దగ్గర కలుద్దాం.