వేగానికి కారణమేది?

విమానచోదన శిక్షణలో చాలాకాలంగా నలుగుతున్న వివాదం ఒకటుంది: విమాన వేగాన్ని నిర్ణయించేది తోకభాగంలో ఉండి ముక్కును పైకీ కిందికీ తిప్పే ఎలివేటరా, లేక ఇంజను బలాన్ని పెంచి తగ్గించే థ్రాటిలా? ఎలివేటర్ వేగానికి, థ్రాటిల్ ఎత్తుకు అని వోల్ఫ్‌గాంగ్ లాంగెవీషె 1944లో వెలువడిన ‘స్టిక్ అండ్ రడ్డర్’లో గట్టిగా వాదించగా, దాన్ని తిరగేసి బోధించే శిక్షకులూ ఎందరో ఉన్నారు. పైకి వృత్తివిద్యలోని తగవులా కనిపించినా నిజానికిది కార్యకారణ విచారం. కనుక ఆంధ్రుడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో ‘తర్కసంగ్రహం’లో క్రోడీకరించిన న్యాయదర్శన పరిభాష ఇక్కడ చక్కగా అక్కరకు వస్తుంది.

కారణ నిశ్చయానికి ఆ దర్శనాన్ని అనుసరించే నైయాయికులు ఆశ్రయించేది అన్వయ వ్యతిరేకాలను, అంటే ఒకటి ఉంటే రెండోది ఉండటాన్ని, అది లేకుంటే ఇదీ లేకపోవటాన్ని. థ్రాటిల్‌ను కదపకుండా ఎలివేటర్‌ను నడిపే యోక్‌ను వెనక్కి లాగితే చలనశక్తి స్థితిశక్తిగా మారి, వేగం తగ్గి ఎత్తు పెరుగుతుంది. 60 నాట్ల వేగంలోని చలనశక్తి సుమారు 160 అడుగుల ఎత్తుకు సమానం కాగా, 120 నాట్ల వద్ద అది నాలుగింతలై 640 అడుగులకు సమానమవుతుంది. ఎలివేటర్ ఈ రెండు శక్తుల మధ్య పంపకం చేస్తుందే తప్ప మొత్తాన్ని పెంచలేదు. ఇంజను ఆ మొత్తానికి కలుపుతుంది, గాలి నిరోధం హరిస్తుంది. న్యాయభాషలో రెండూ కరణాలే, అంటే ఫలాన్ని సాధించే విశేష కారణాలే, కాని వాటి వ్యాపారాలు, అనగా కరణానికీ ఫలానికీ నడుమ జరిగే క్రియలు, వేరు.

అయితే రెక్క విమానాన్ని మోయలేకపోయే స్థితి అయిన స్టాల్‌కు కాస్త ఎగువ వేగంలో మందగతిన ఎగిరే అభ్యాసంలో ఈ అన్వయం చెదురుతుంది. సెస్నా 172 విమానంలో స్టాల్ హెచ్చరిక బూర మోగుతున్నా, విమానం దిగిపోతున్నదన్న కంగారులో విద్యార్థి యోక్‌ను ఇంకా లాగితే, రెక్క గాలిని ఎదుర్కొనే కోణంతోపాటు నిరోధమూ పెరిగి విమానం మరింత దిగుతుంది. ఆ కోణం సుమారు 15 డిగ్రీలు దాటితే రెక్కమీది గాలి ప్రవాహం విడిపోయి స్టాల్ సంభవిస్తుంది. కారణమనుకున్నది ఉండీ కార్యం కలగకపోవటాన్ని నైయాయికులు అన్వయ వ్యభిచారమన్నారు. 2009 జూన్ 1న అట్లాంటిక్‌లో కూలిన ఎయిర్ ఫ్రాన్స్ 447 విమానంలో స్టాల్ మొదలైన వేళ థ్రాటిళ్లు పూర్తి బలం స్థానంలోనే ఉన్నాయి, ముక్కు పైకెత్తే ఉంది. అయినా విమానం పడిపోయి 228 మంది మరణించారు.

నిప్పు పొగను పుట్టించటానికి కట్టె తడి కావలసినట్లే, లాగటం ఎత్తును ఇవ్వటానికి వేగం మిగులు ఉండాలి. ఇలాంటి షరతునే ఉపాధి అంటారు. లాంగెవీషె పక్షం ఈ ఉపాధిని బాగా గుర్తించింది గనుక మందగతి విషయంలో దాని మాటే బలమైనది. ఏ మీట దేనికో కంఠస్థం చేయించే ముందు, ఆ సూత్రం ఏ ఉపాధి ఉన్నప్పుడు నిజమో శిక్షకులు విద్యార్థి నోటితో చెప్పించాలి.