కలిసి ‘ఇవ్వం’ అన్న ఓడలు



ధాన్యం ఎక్కించుకోవడానికి అర్జెంటీనా రేవుకు ఖాళీ ఓడ వస్తుంది. ఇన్‌స్పెక్టరు సరుకు అరలోకి దిగుతాడు. గోడకు ఓ తుప్పు పెచ్చు, మూలన నాలుగు పాత గింజలు కనిపిస్తే చాలు, ‘శుభ్రంగా లేదు’ అని రాసేయొచ్చు. ఓడ ఆగిపోతుంది, ఆగిన ప్రతిరోజూ వేల డాలర్ల నష్టం. చేయి తడిపితే ఆ తుప్పు కనబడదు! ఏళ్ల తరబడి అక్కడ నడిచిన తంతు ఇది.

ఒక్క కెప్టెన్ ఇవ్వనంటే ఏమవుతుంది? వెనకొచ్చిన ఓడ ఇచ్చి ముందుకెళ్తుంది. నిజాయితీకే జరిమానా. ఇంతకన్నా అన్యాయం ఏముంటుంది? అందుకే 2011లో కొన్ని నౌకా సంస్థలు, పోటీదారులై ఉండి కూడా, మారిటైమ్ యాంటీ కరప్షన్ నెట్‌వర్క్‌గా ఒక్కటయ్యాయి. ఏ రేవులో ఏం అడిగారో తమ పేర్లు బయటపడకుండా నమోదు చేశాయి. ఆ వివరాలతో అర్జెంటీనా అధికారులతో కూర్చుని మాట్లాడాయి. 2017లో తనిఖీ నిబంధనలే మారాయి. ఒక్క మనిషి మాటే చివరి మాట కాకుండా పోయింది.

వ్యక్తులను తిట్టి ఊరుకోకుండా, లంచానికి సందిచ్చిన నిబంధనను పట్టుకున్నారు చూడండి, నాకు అదే గొప్పగా అనిపిస్తుంది. సూయజ్ కాలువలో లంచంగా సిగరెట్ డబ్బాలు అడిగే అలవాటుకూ ఆ సంస్థలు కలిసే ‘ఇవ్వం’ అన్నాయి.