బ్రతికి ఉండగానే అంతా వ్రాసి ఇవ్వవచ్చునా?

బిడ్డల కోసం దాచని తల్లిదండ్రులు మన కుటుంబాలలో అరుదు. తమ వృద్ధాప్యం కోసం దాచుకొనేవారు అంతకంటె అరుదు. కుమారుని చదువుకు ఒక ఎకరం, కుమార్తె వివాహానికి మరొక ఎకరం అమ్ముతారు. అరవై ఏళ్ళు దాటగానే మిగిలిన ఇంటిని, రిటైరైన రోజున చేతికి వచ్చిన సొమ్మును కూడ బిడ్డలకు అప్పగిస్తారు. "ఇంకా మాకేం కావాలి ఫాదర్? వాళ్ళే చూసుకుంటారు" అంటారు. "రేపటి సంగతి ప్రభువే చూసుకుంటాడు" అనేవారు కూడ ఉన్నారు.

ఈ మాటలలో ప్రేమ ఉంది, విశ్వాసమూ ఉంది. అయితే వివేకం ఉన్నదా? ముసలితనం కోసం కొంత తమ చేతిలోనే ఉంచుకొనటం బిడ్డలపై అపనమ్మకమా? దేవునిపై అవిశ్వాసమా?

రేపటిని గూర్చి చింతించవద్దని ప్రభువు బోధించిన మాట నిజమే. కాని చింత వేరు, ముందుచూపు వేరు. చింత మనసును తొలిచివేస్తుంది. ముందుచూపు ఏ కాలానికి తగిన పనిని ఆ కాలంలో చేయిస్తుంది. పునీత తోమాసు అక్వీనాసు ముందుచూపును వివేకమనే సద్గుణంలో ఒక భాగంగా లెక్కించారు. ఆయన తప్పుపట్టినది అకాలపు ఆందోళనను మాత్రమే. సంపాదించే వయసులో వృద్ధాప్యాన్ని గూర్చి ఆలోచించటం అకాలం కాదు. నిజానికి దానికి అదే తగిన కాలం.

కొట్లు పడగొట్టి పెద్దవి కట్టించదలచిన ధనవంతుని ఉపమానం మనకు తెలిసినదే. ధాన్యం దాచటమే అతని దోషం కాదు. దేవుని, పొరుగువానిని మరచి తన సుఖం కోసమే దాచుకొన్నాడు. గనుక మనం నిలుపుకొనవలసినది అవసరానికి తగినంత మాత్రమే.

సీరా జ్ఞానగ్రంథము 33వ అధ్యాయం చదవండి. ప్రాణం ఉన్నంతవరకు తన ఆస్తిపై, తనపై అధికారాన్ని కుమారునికైనా అప్పగించవద్దని ఆ జ్ఞాని హెచ్చరిస్తాడు. అదే గ్రంథం 3వ అధ్యాయంలో, తండ్రికి మతి తగ్గినా ఓర్చుకొని గౌరవించమని బిడ్డలకు చెప్పినదీ ఆయనే. బిడ్డల కర్తవ్యమూ తల్లిదండ్రుల జాగ్రత్తా ఒకదానికొకటి విరుద్ధం కావని దీనివల్ల తెలుస్తుంది.

ఇందులో మరొక సంగతి కూడ ఉంది. అంతా ఇచ్చివేసిన తండ్రి బి.పి. మాత్రలకు డబ్బు అడిగితే, అడగటం ఆయనకు భిక్షగా, ఇవ్వటం కుమారునికి భారంగా తోస్తుంది. ఇద్దరూ మంచివారే కావచ్చును, అయినా ఇద్దరి మనసులూ నొచ్చుకుంటాయి. పొలంతోపాటు తల్లిని కూడ పంచుకొని, పెద్దవాని ఇంట మూడు నెలలు, చిన్నవాని ఇంట మూడు నెలలు అని వంతులు వేసుకొనే ఇళ్ళు మన విచారణలలో లేవా? నాలుగవ ఆజ్ఞను బిడ్డలు ప్రేమతో పాటించాలి. ఆ ప్రేమను నిత్యం పరీక్షకు గురిచేసే పరిస్థితిని తల్లిదండ్రులే ఎందుకు కల్పించాలి?

తప్పిపోయిన కుమారుని తండ్రి కూడ బ్రతికి ఉండగానే ఆస్తి పంచాడు గదా అని అడుగవచ్చును. నిజమే. కాని ఆయన ఇంటి పెద్దగానే ఉన్నాడు. అందువల్లనే తిరిగి వచ్చిన బిడ్డకు వస్త్రం తొడిగించి, విందు చేయించగలిగాడు. ఆయనే దిక్కులేనివాడై ఉంటే ఆ బిడ్డ ఎవరి ఇంటికి తిరిగి వచ్చేవాడు?

ఇక ఆచరణకు వద్దాం. రిజిస్టరైన దానపత్రం, మన మనసు మారినంత మాత్రాన రద్దు కాదు. వీలునామాను మాత్రం బ్రతికి ఉన్నంతకాలం మార్చుకొనవచ్చును. ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి, వారిచేత కూడ సంతకం చేయించాలి. వీలునామా లేకపోతే, క్రైస్తవులకు వర్తించే 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం బిడ్డలున్న భార్యకు మూడవ వంతు, మిగిలినది కుమారులకు, కుమార్తెలకు సమానంగా చెందుతుంది. తప్పనిసరిగా ఇప్పుడే వ్రాసి ఇవ్వవలసివస్తే, మమ్మల్ని పోషించాలన్న షరతును ఆ పత్రంలోనే స్పష్టంగా వ్రాయించండి. ఆ షరతు తప్పితే, అరవై దాటిన తల్లిదండ్రులు 2007 నాటి పోషణ, సంక్షేమ చట్టం 23వ సెక్షను క్రింద ట్రిబ్యునలును ఆశ్రయించవచ్చును.

ధరల లెక్క కూడ వేసుకోండి. ఏటా 6 శాతం పెరిగితే ఖర్చు 12 ఏళ్ళకు రెట్టింపు అవుతుంది. 48వ ఏట నెలకు 15,000 రూపాయలతో గడిచే ఇంటికి 60వ ఏట 30,000, 72వ ఏట 60,000 కావాలి. ఆదాయపు పన్ను కట్టనివారు 18 నుండి 40 ఏళ్ళ లోపు అటల్ పెన్షన్ యోజనలో చేరితే, వారు కట్టే చందాను బట్టి అరవై నుండి నెలకు 1,000 మొదలు 5,000 వరకు వస్తుంది. అరవై నిండినవారికి పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ల పొదుపు పథకం ఉంది. అందులో జమ చేసినవారికి మూడు నెలలకొకసారి వడ్డీ అందుతుంది.

దాచటానికి ఏమీ లేని కూలి కుటుంబాలకు ఈ లెక్కలు వర్తించవు. వారి ముసలితనం వారి బిడ్డలకు, ఆ తరువాత మన విచారణ అంతటికీ చెందిన బాధ్యత. మనలో ఉన్నవారు అవసరానికి మించినది దాచుకొనకూడదు అనటానికి ఇదే పెద్ద కారణం.

బిడ్డలారా, సంతకం కోసం తల్లిదండ్రులను తొందరపెట్టకండి. తల్లిదండ్రులారా, ఒక సాయంత్రం కుటుంబ ప్రార్థన ముగించి, కుమారులను, కుమార్తెలను, కోడళ్ళను, అల్లుళ్ళను కూర్చోబెట్టి, ఎవరికి ఏమి ఇవ్వదలచారో, మీ కోసం ఏమి ఉంచుకొంటున్నారో దాపరికం లేకుండా చెప్పండి. ఆ రోజు కొంచెం ఇబ్బందిగా ఉంటుంది. అయినా, మీరు పోయిన తరువాత వారు కోర్టు మెట్లు ఎక్కటం కంటె అది మేలు.