ఎవరి ఇంట్లో సంఘం?

ఇంట్లోనే చిన్న సంఘం పెట్టుకుని, అందర్నీ రానిచ్చి, పరిశుద్ధంగా బతకాలనుకోవడం మంచిదే. కానీ ఇంటికి యజమాని ఉంటాడు కదా!

ఫిలేమోను ఇంట్లోనూ సంఘం కూడేది. అతని బానిస ఒనేసిమును తిరిగి పంపుతూ, తోబుట్టువులా చూసుకోమని పౌలు ఉత్తరం రాశాడు. యజమానికి మాత్రమే కాదు, ఆ ఇంట్లో కూడే సంఘానికంతటికీ కలిపి రాశాడు. అంటే ఇంటాయన కూడా అందరికీ జవాబు చెప్పాల్సిందే.

కొరింథులో కొందరు ముందే తినేస్తే, లేనివాళ్ళు ఆకలితో మిగిలారు. పౌలు మందలించింది ఆ పంక్తిభేదాన్నే. మన పల్లెల్లోనూ మాలలు, మాదిగలు వేరువేరుగా ప్రార్థించుకునే చోట్లున్నాయి.

పరిశుద్ధత అంటే మందూ సినిమా మానేయడమేనా? తలుపు తీయడం తేలికే. వచ్చినవాళ్ళకి వంటింటి దాకా చోటిచ్చి, ‘ఇది తప్పండీ’ అని యజమానితో అనగలిగే చనువివ్వడమే కష్టం. పరిశుద్ధత మొదలయ్యేది అక్కడే.