పశువును ఎరుగుట

చదువవలసిన భాగము: సామెతలు 12:10

నీతిమంతుడు తన పశువుయెడల ఎట్లు నడచుకొనునో ఈ వచనము చెప్పుచున్నది. మన తెలుగు బైబిలులో 'దయ' అను మాటయున్న చోట హెబ్రీ మూలములో 'ఎరుగుట' అను క్రియ యున్నది. పశువును ప్రేమించిన చాలదా? దాని దేహధర్మమును కూడ ఎరుగవలెనా?

కలకడ, మదనపల్లె, పుంగనూరు ప్రాంతములవారమైన మనము ఇందుకు జవాబును దూరమున వెదకనక్కరలేదు. పుంగనూరు ఆవు ఎత్తు సుమారు 70 మొదలు 90 సెంటీమీటర్లే. అయితే ఆ చిన్నతనము లోపము కాదు. చిన్న దేహమునకు బరువునుబట్టి చూడగా చర్మపు వైశాల్యము ఎక్కువ; గనుక ఒంటి వేడి సులభముగా బయటికి పోవును. వాన తప్పిన యేట ఎండుగడ్డితోను, వేరుసెనగ కట్టెతోను అది నెట్టుకొనివచ్చును. పాలు కొద్దియే, అయినను సాధారణముగా ఆవుపాలలో వెన్న నూటికి 3 లేక 4 పాళ్లుండగా, దీని పాలలో 8 పాళ్లవరకు ఉండును.

సీమ ఆవు చలిదేశములలో పెరిగిన జాతి. అది ఎక్కువ మేసి ఎక్కువ పాలిచ్చును. మేత కడుపులో పులియునప్పుడును, పాలు తయారగునప్పుడును వేడి పుట్టును. ఆ వేడి చలిలో మేలు, మన వేసవిలో భారము. అప్పుడది రొప్పును, మేత మానును, పాలు తగ్గించును. దానిని మొండిదని కొట్టువాడు దాని బాధను ఎరుగనివాడు.

సంకరజాతి ఆవును పెంచుట తప్పని మేము చెప్పము. పాలడబ్బుతో పిల్లలను చదివించు కుటుంబములు మనలో అనేకములు. కాని దానిని కట్టివేసినవాడు నీడయు నీళ్లును బాకీపడినవాడు. వేసవిలో ఆ నీళ్లు మోయలేనివాడు పాలచెంబును మాత్రమే చూచి దానిని కొనుట న్యాయమా?

మనము లీటర్లను మాత్రమే లెక్కించిన కాలములో పుంగనూరు జాతి క్షీణించెను. పలమనేరులోని పశుపరిశోధన కేంద్రములో దానిని కాపాడుచున్నారు. ఇప్పుడు పట్టణములలో కొందరు ముచ్చటకొరకు దానిని కొని నున్నని బండలమీద నిలుపుచున్నారు. నాడు ఎరుగక తృణీకరించిరి; నేడు ఎరుగకయే ముద్దుచేయుచున్నారు. రెంటిలోను పశువునకు మేలు లేదు.

ప్రియులారా, ఎండవేళ కొట్టములోనికి వెళ్లి ఒక్క నిమిషము నిలువుడి. పశువు డొక్క ఎంత వేగముగా ఎగురుచున్నది? తొట్టిలో నీళ్లున్నవా? నోరులేని దాని మొర ఆ రొప్పులోనే యున్నది. దానిని గుర్తించు కన్నులను సృష్టికర్త మనకు దయచేయునుగాక.