అనుకరణము – వివేకము

ఒక గొఱ్ఱె ఏ త్రోవను పోయిన మంద అంతయు ఆ త్రోవనే పోవును. ఆలోచన లేక పదుగురి వెంట నడచువారిని లోకము ‘గొఱ్ఱెదాటు’ అని పరిహసించును. అనుకరణము నిజముగా దోషమేనా? దోషమైనచో అది జంతువుదా, మనుష్యునిదా?

జపాను దేశపు దక్షిణభాగమున కోషిమా అను చిన్న ద్వీపము కలదు. అచ్చటి కోతులకు పరిశోధకులు చిలగడదుంపలు వేయుచుండిరి. 1953లో ఏడాదిన్నర వయస్సుగల ‘ఇమో’ అను ఆడకోతిపిల్ల దుంపకు అంటిన ఇసుకను నీటిలో కడిగి తినుట మొదలిడెను. దానిని చూచి తోడిపిల్లలు నేర్చినవి, తల్లియు నేర్చినది. 1958 నాటికి రెండు మొదలు ఏడేండ్ల వయస్సుగల 19 కోతులలో 15 ఈ అలవాటు పొందినవి. పెద్దకోతులు 11లో నేర్చినవి రెండే. ఒకదానిని చూచి ఒకటి మెల్లమెల్లగా నేర్చుటయే గాని ఇందు మాయ యేమియు లేదు.

1979లో లయల్ వాట్సన్ అను రచయిత ఈ వృత్తాంతమునకు కొత్త చిలువలు చేర్చెను. నేర్చిన కోతులు నూఱు కాగానే ఆ విద్య తనంతట తానే సముద్రము దాటి ఇతర ద్వీపముల కోతులకు అబ్బెనని ఆతని కథ. అది గ్రంథములందును ఉపన్యాసములందును పాకిపోయెను. 1985లో రాన్ అమండ్సన్ అను తత్త్వశాస్త్ర ఆచార్యుడు మూలపరిశోధన పత్రములను విప్పి చూడగా, ఆ కథకు వానిలో ఆధారము కానరాలేదు. కోతి దుంపను కడిగి తినెను. మనుష్యుడు కథను కడుగకయే మ్రింగెను.

మంచిని చెప్పు కథయే కదా, అబద్ధమైన నేమి నష్టమని కొందఱు అనవచ్చును. కాని పరీక్షింపక నమ్ము అలవాటు మంచికథలతో ఆగదు.

2020 నుండి స్పెయిన్, పోర్చుగల్ తీరములలో ఓర్కాలు అను పెద్ద సముద్రజంతువులు తెరచాప పడవల చుక్కానులను త్రోసి విఱుచుట కనబడినది. కొన్ని పడవలు మునిగినవి. ఒక తల్లి ఓర్కా మనుష్యులపై పగబట్టి తక్కినవానికి యుద్ధము నేర్పుచున్నదని 2023లో వార్తలు దేశదేశములకు వ్యాపించెను. ఇది పగ కాదు, ఆటవంటి వేలంవెఱ్ఱియే కావచ్చునని పెక్కుమంది శాస్త్రజ్ఞుల అభిప్రాయము. ఓర్కాలకు ఇట్టి వేడుకలు కొత్త కావు. 1987లో అమెరికా వాయవ్యతీరమున ఒక ఓర్కా చచ్చిన సాల్మన్ చేపను ముట్టెపై మోయగా, ఇతర ఓర్కాలును కొన్ని వారములు అట్లే చేసి, పిమ్మట మానివేసినవి.

నావికుని భయము నిజము. అతని నష్టమును నిజమే. అయినను ‘పగ’ అను ఒక్క మాట అతని భయమును ద్వేషముగా మార్పగలదు. ఆ తీరపు ఓర్కాలు మిక్కిలి కొలదిగా మిగిలినవి. ద్వేషముతో ఎత్తిన చేయి ఒక జాతినే తుడిచివేయవచ్చును.

తాను చూచినది తప్ప వేఱు ప్రమాణము కోతికి లేదు, ఓర్కాకు లేదు. కావున వాని అనుకరణమున దోషము లేదు. మనుష్యునకు ప్రశ్నించు బుద్ధి కలదు, మూలమును వెదకు సాధనము కలదు. అవి యుండియు వాడకుండుటయే దోషము. ఒక మాటను ఇతరుల చెవిని వేయుటకు ముందు, దీనిని చూచినవారెవరు, దీనివలన ఎవరికి హాని కలుగునని విచారింపవలెను. అనుకరించుట ప్రాణిధర్మము, పరీక్షించి అనుకరించుట మనుష్యధర్మము.