చెయ్యి పట్టుకొని లేపుట

(ధ్యానమునకు: అపొస్తలుల కార్యములు 3:1–10)



శృంగారమను ద్వారమునొద్ద కూర్చున్న కుంటివానిని ప్రతిదినము ఎవరో మోసికొని వచ్చుచుండిరి. వారు చేసినదియు ఉపకారమే. అయితే పేతురు అతనిని మోయలేదు, కుడిచెయ్యి పట్టుకొని లేపెను. మోయుటకును లేపుటకును గల భేదమేమి? ఈ ప్రశ్న నాకు ఒక మోకాలి వలన కలిగినది.

జమ్మలమడుగు దగ్గర మా సంఘములో ఒక పెద్దమ్మ గలదు. ఏండ్ల తరబడి గుంటమగ్గము నేసిన మనిషి. నిరుడు ఆమెకు మోకాలి కీలు మార్చిరి. వైద్యులు మరునాడే వాకరు పట్టించి నిలువబెట్టిరి. ఇంటికి వచ్చిన పిమ్మట కోడలు ఆమెను మంచము దిగనీయలేదు. మోకాలి క్రింద మెత్తని దిండు పెట్టెను. చీము పట్టునని పప్పు, గ్రుడ్డు, మాంసము మాన్పించెను. రెండు నెలలకు కాలు వంగినచోటనే బిగుసుకొనెను. నేను చూడబోగా కోడలు ఏడ్చి, "నడిపిస్తే, ఆపరేషనయిన ముసలామెతో కోడలు చాకిరీ చేయిస్తాందని వీధంతా అంటారు కదయ్యా!" అనెను.

నాయొద్ద జవాబు లేకపోయెను. ఏలయనగా, మొదటి వారములోనే చీనీకాయలు పట్టుకొనిపోయి, "కదలవద్దమ్మా, పండుకో" అని చెప్పి వచ్చినవాడను నేనే.

ఇంగ్లాండులోని రైటింగ్టన్ ఆసుపత్రిలో జాన్ చార్న్‌లీ అను వైద్యుడు 1962లో లోహపు బంతిని గట్టి ప్లాస్టిక్ గిన్నెలో అమర్చి తుంటికీలు మార్చెను. అంతకుముందు ఆయన వాడిన టెఫ్లాన్ గిన్నెలు త్వరగా అరిగిపోయినవి. ఆ కాలమున రోగులను చాల దినములు పడకమీదనే ఉంచుచుండిరి. ఇప్పుడు ఆ దినమున గాని మరునాడు గాని లేపుచున్నారు. పడియున్నయెడల పిక్కలో రక్తము గడ్డకట్టవచ్చును. ఆ గడ్డ ఊపిరితిత్తులకు పోయినయెడల ప్రాణాపాయము. తొడకండ కరగును, కీలు బిగియును. వైద్యుడు క్రొత్త కీలు అమర్చగలడు గాని దానిని ఆడించు కండ రోగిదే.

మన ప్రాంతమువారికి ఆసుపత్రిమీద నమ్మకము మెండు. జమ్మలమడుగులో లండన్ మిషన్ వారి కాంబెల్ ఆసుపత్రి మన తాతల కాలమునుండి యున్నది. అచ్చట వైద్యుడుగా పనిచేసిన వై. యస్. రాజశేఖరరెడ్డిగారు 1973లో పులివెందులలో తన తండ్రి పేరిట 70 పడకల ఆసుపత్రి పెట్టిరి. ఆ నమ్మకము మంచిదే. అయితే ఆసుపత్రి గడప దాటిన తరువాతి పని ఇంటివారిది.

ఆ పని యేమన, దిండు మోకాలి క్రింద గాక మడమ క్రింద పెట్టవలెను. అప్పుడు కాలు చాచుకొనును. పాదములను గంటగంటకు పైకి క్రిందికి ఆడించవలెను. నొప్పి మాత్ర వేసికొని కొంతసేపటికి వ్యాయామము చేయవలెను. పప్పును గ్రుడ్డును పెట్టవలెను. పుండు మానుటకు అవియే ఆధారము. కట్టుమీద పసుపుగాని ఆకుపసరుగాని పూయరాదు. తుంటి మార్చుకొన్నవారు వైద్యుడు సెలవిచ్చువరకు గొంతు కూర్చుండరాదు, కాలుమీద కాలు వేసికొనరాదు. మన యిండ్లలోని నాపరాళ్లు తడిసినయెడల వాకరు జారును, జాగ్రత్త. జ్వరము, చీము, పిక్కవాపు, ఆయాసము కనబడినచో ఆ దినమే ఆసుపత్రికి పోవలెను.

అయితే, "లే, నడువు" అని చెప్పుట బహు సులభము. కువైట్‌నుండి కొడుకు ఫోనులో చెప్పును. గుండెజబ్బు గలవారికిని, నొప్పికి తాళలేనివారికిని, ఇంట మనిషి లేనివారికిని ఆ మాట శిక్షవలె నుండును. బేతెస్ద కోనేటియొద్ద ప్రభువు ఆ రోగిని ముందుగా అడిగెను, బాగుపడ నిష్టమా అని. చెయ్యి అందించనివానికి లెమ్మనుటకు ఏమి అధికారము గలదు?

నేనును పెద్దమ్మను అడిగితిని, ఏమి కోరుచున్నావమ్మా అని. "గుడిమెట్లు ఎక్కాలయ్యా" అనెను. మరల వైద్యునికి చూపించిరి. ఇప్పుడు ప్రతి సాయంకాలము స్త్రీల సమాజమునుండి ఇద్దరు పోయి, కోడలితోకూడ ఆమెను వీధిలోనే నడిపించుచున్నారు, అందరు చూచునట్లు. కాలు పూర్తిగా వంగునో లేదో వైద్యుడు ఇంకను చెప్పలేదు. గుడిలో ఆమెకు ఒక కుర్చీ వేసితిమి. చాపలమీద కూర్చున్నవారి నడుమ కుర్చీమీద కూర్చుండుటకు ఆమె సిగ్గుపడుచున్నది.